సర్వనామం మారింది, టెట్రా కోటలోనే ఉంది

కంప్యూటర్ గేములు మగపిల్లల కాలక్షేపమని మనం వాటి జోలికి పోము. కానీ వాటిలో ‘మాడ్’ అనే పద్ధతి ఒకటుంది. తయారై వచ్చిన గేమ్‌ను ఆడేవాళ్ళే తమకు కావలసినట్టు మార్చుకోవడం, వద్దనుకుంటే ఆ మార్పును తీసేయడం. నా దృష్టిలో ఇది పాఠాన్ని తిరగరాయడమే. అందుకే స్త్రీవాద విమర్శకు ఇందులో పనుంది.

‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ది విండ్ వేకర్’ 2002లో జపాన్‌లో విడుదలైన నింటెండో గేమ్. పక్షి ఎత్తుకుపోయిన చెల్లెలి కోసం లింక్ అనే కుర్రాడు సముద్రం మీద బయల్దేరతాడు. సంభాషణలు తెరమీద చదువుకోవాలి. మైక్ హోయ్ అనే తండ్రి వాటిని తన చిన్నారి కూతురికి చదివి వినిపిస్తూ, లింక్‌ను మగపిల్లాడన్న ప్రతిచోటా అప్పటికప్పుడు ఆడపిల్లగా మార్చి చెప్పేవాడు. చివరికి 2012లో గేమ్ కాపీలోనే ఆ ఇంగ్లీషు మాటలు మార్చేశాడు. ఒకటే షరతు: పాత మాట ఎన్ని అక్షరాలో కొత్త మాటా అన్నే ఉండాలి. మగవాడికి కొలిచిన జాగాలోనే ఆడపిల్ల సర్దుకోవాలన్నమాట!

అయినా అది చిన్న పని కాదు. లింక్ బొమ్మలో ఒక్క గీత కూడా మారలేదు. ఆ సాహసానికి మగతనంతో పనిలేదని అంతకంటే రుజువేం కావాలి?

కానీ కథ? అందులో టెట్రా అనే అమ్మాయి సముద్రపు దొంగల నాయకురాలు. ఓడ నడుపుతుంది, లింక్‌ను దబాయిస్తుంది. కొంత కథ నడిచాక ఆమే జెల్డా రాకుమారి అని తేలుతుంది. వెంటనే గౌను, నగలు, సముద్రం అడుగున కోటలో దాక్కోమనే ఆజ్ఞ. అక్కడినుంచి దుష్టుడు గానన్‌డార్ఫ్ ఆమెను ఎత్తుకుపోతాడు. చివరి యుద్ధంలో మాత్రం ఆమె చేతికి విల్లు వస్తుంది. హోయ్ మాడ్ వేసినా ఇదంతా ఇలాగే జరుగుతుంది. ఒక ఆడపిల్ల వీరురాలైంది, మరో ఆడపిల్ల కోటలోనే ఉండిపోయింది.

ఇదే మాడ్ తెలుగులో చేయాలంటే? సర్వనామంతో సరిపోదు, క్రియలన్నీ మార్చాలి. ‘వచ్చాడు’ అన్నచోట ‘వచ్చింది’ అనాలి. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. వీరుడికి తనదంటూ ఒక క్రియ ఉంది, వీరురాలు పశువులతో, వస్తువులతో కలిసి రావాలి. ‘వచ్చారు’ అనే మన్నన చిన్నపిల్లకెవరిస్తారు? మరమ్మతు గేముకే చాలా, మన వ్యాకరణానికీ కావాలా?

నన్ను ఎక్కువగా వేధించేది మాడ్‌ను తీసేయగలగడం. మార్చిన కాపీని చెరిపేస్తే చాలు, అసలు గేమ్‌లో లింక్ ఎప్పటిలా కుర్రాడే. పురుషుడు మూలం, స్త్రీ అతుకు. ఆ అతుకు కూడా ఏ ఇంటికా ఇల్లు వేసుకోవాలి. 1986లో మొదలైన ఈ ప్రధాన పరంపరలో జెల్డాయే ముఖ్యపాత్రగా ఒక గేమ్ రావడానికి 2024 దాకా పట్టింది. అది ‘ఎకోస్ ఆఫ్ విజ్డమ్’. దాని దర్శకుల్లో ఒకరైన తొమోమి సానో, ఆ పరంపరలో తొలి మహిళా దర్శకురాలు. అక్కడ జెల్డాను తీసేస్తే గేమే మిగలదు. హోయ్ లాంటి తండ్రులను మెచ్చుకుందాం. కానీ మనం అడగవలసింది అతుకులు కాదు, మూలంలో చోటు.