మళ్లీ విప్పగలిగినంతే మార్చాలి

పాత జీపునో, పికప్ బండినో కొని షెడ్డులో పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా బాగుచేసుకోవడం ఖర్చుతో కూడిన సరదాయే కానీ వృథా సరదా కాదు. యంత్రం ఎలా నడుస్తుందో చేత్తో తెలుసుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. అయితే స్పానరు పట్టుకునే ముందే ఒక నియమం పెట్టుకోవాలని నా వాదన. ఎంత బాగుచేసినా తప్పులేదు, మార్చడానికి మాత్రం హద్దుండాలి. బోల్టులు విప్పి పాత రూపానికి తేగలిగిన మార్పు ఏదైనా చేసుకోవచ్చు. ఛాసిస్ కోసి, క్యాబిన్ కత్తిరించి, ఇక వెనక్కి రాలేని మార్పు చేయకూడదు.

ఎందుకంటే ఈ బళ్ల చరిత్ర మన చరిత్ర కూడా. రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపును విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మహీంద్రా 1940ల చివర్లో మొదలుపెట్టింది. డ్రైవరు ఇంజను పక్కనే ముందుకు కూర్చుని నడిపే ఎఫ్‌సీ 150 లాంటి సరకు బళ్లూ అదే కుటుంబం నుంచి వచ్చాయి. 1980లలో ప్రభుత్వ సంస్థ అయిన హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే తేలిక ట్రక్కును తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. రావులపాలెం అరటి గెలలకీ, కడియం మొక్కలకీ, భీమవరం రొయ్యలకీ చిన్న బండితో ఎంత పనో మనకు తెలుసు. పెద్ద లారీ పట్టని కాలవ గట్ల మీద సరకు కదిలేది అలాంటి బండి మీదే. కార్లనైతే ముచ్చటపడి దాచుకున్నవాళ్లున్నారు. సరకు బండికి ఆ భాగ్యం లేదు, అరిగిందాకా తోలి తుక్కుకు వేసేస్తారు. అందుకే మిగిలిన ఒక్కో బండికీ అంత విలువ.

గోదావరి డెల్టాలో ఈ పని మరింత ఓపిక అడుగుతుంది. గాలిలో తేమ ఎక్కువ, ఉప్పాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. చేపలు, రొయ్యలు మోసిన బండిలో పెట్టెల నుంచి కారిన నీళ్లు బాడీ చెక్కల కింద నిలిచి ఇనుమును లోలోపలే తినేస్తాయి. పైన రంగు నిగనిగలాడుతున్నా ఛాసిస్ అడ్డపట్టీల్లోనూ, క్యాబిన్‌లో కాళ్లు పెట్టేచోట రేకులోనూ, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోటా తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటుంది. దానిమీద పుట్టీ రాసి రంగు కొడితే చెమ్మ లోపలే బందీ అయి తుప్పుకు మరింత మేత దొరుకుతుంది. సరైన పద్ధతి వేరు. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, ఫొటో తీసి, గట్టి ఇనుము కనిపించేదాకా కుళ్లిన రేకును తీసేయాలి. అంతే మందం రేకును అదే వంపులో కొట్టించి వెల్డింగ్ చేయించాలి. దానిమీద ప్రైమరు పట్టించి, నీళ్లు కారిపోయే కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. ఇక్కడా కోత ఉంది కదా అంటే, ఉంది. కానీ పోయిన ముక్క స్థానంలో అలాంటి ముక్కనే పెడుతున్నాం. కాబట్టి అది మరమ్మతే, మార్పు కాదు.

చట్టం కూడా ఇటే మొగ్గుతోంది. తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే నిబంధన వచ్చింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు యాభై ఏళ్లు దాటిన, సరకు మోయని సొంత బళ్లు అర్హమవుతాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. 1985లో రిజిస్టరైన జీపు 2035లో ఆ వయసుకు వస్తుంది. ఈ రోజు దాని ఛాసిస్‌ను పొడిగించినవాడు రేపటి ఆ గౌరవాన్ని ఇప్పుడే పోగొట్టుకున్నట్టే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పని చేసిన బండికి అసలు రూపం అంటూ ఎక్కడుంది? పెట్రోలు ఖర్చు భరించలేక ఎందరో జీపుల్లో డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నారు. బరువు ఆగడానికి కమాన్ పట్టీలు పెంచారు. నిజమే, ఆ మార్పులు బతుకుదెరువు కోసం చేసినవి, వాటికీ చరిత్రలో చోటుంది. ఆర్సీలో నమోదైన పాత మార్పును చెరిపి ఫ్యాక్టరీ బొమ్మలా చేయమని నేననను. కానీ సరదాకు బండి కొన్నవాడికి ఆ అవసరం లేదు. అవసరం లేనప్పుడు సంయమనం చూపడం సులువు, చూపకపోవడం తప్పు. ఇక భద్రత మాటంటారా, పాత బళ్లలో బ్రేకు లైను ఒక్కటే కావడంతో ఎక్కడ కారినా అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. అక్కడ రెండు లైన్ల మాస్టర్ సిలిండరు పెట్టించుకోవాలి, సీటు బెల్టులు కట్టించుకోవాలి. ఆర్టీఓ అనుమతితో, బోల్టులతో బిగించి, తీసిన పాత భాగాన్ని భద్రంగా దాస్తే నా నియమానికి భంగం లేదు.

పొగ కక్కే పాత బండి ఎందుకన్న ప్రశ్నా న్యాయమైనదే. రోజూ కిరాయికి తిరిగే బండికైతే నా దగ్గర సమర్థన లేదు, దాన్ని తుక్కుకు పంపడమే మేలు. ఎప్పుడో ఒకసారి రోడ్డెక్కే బండి, పంపు, నాజిళ్లు సరిచేయించుకుని పొగ పరీక్షలో నెగ్గితే, ఊరికి చేసే కీడు స్వల్పం. అది నిలబెట్టే విద్య మాత్రం పెద్దది. సుత్తితో రేకును వంపు తిప్పే టింకరు, అరిగిన షాఫ్టుకు లేత్ మీద కొత్త బుష్ తీసే పనివాడు, చెక్క బాడీ అతికే వడ్రంగి లాంటివాళ్లకు కొత్త బళ్లతో పని తగ్గుతోంది. పాత బండి వాళ్ల చేతిలో పని పెడుతుంది. కాబట్టి బండి బాగుచేసే ప్రతివారూ ఏది తీశారో, ఏది పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక పుస్తకంలో రాసి బండితోనే ఉంచాలి. రాజమండ్రి, కాకినాడ ఐటీఐ కుర్రాళ్లను పిలిచి కొలతలు తీయించాలి. బండి రేపు ఎవరి చేతికి వెళ్లినా, మనం చేసిన పని నచ్చకపోతే విప్పుకునే స్వేచ్ఛ వాళ్లకు మిగలాలి.