నిన్ను నువ్వు పొగుడుకో

కర్ణపర్వంలో ఒక విచిత్రమైన ఘట్టం ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడి ప్రతిజ్ఞ. ఆ మాట కాస్తా ధర్మరాజే అనేశాడు. కత్తి దూసిన తమ్ముణ్ణి కృష్ణుడు ఆపి, పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టే, ఆ పని చెయ్యి చాలన్నాడు. అన్నను తిట్టాక అర్జునుడికి తనే చావాలనిపించింది. దానికీ కృష్ణుడి దగ్గర ఉపాయముంది. నిన్ను నువ్వు పొగుడుకో, ఆత్మహత్యతో సమానం!

ఈ లెక్కన లింక్డ్‌ఇన్‌లో రోజూ పొద్దున ఎంతమంది పోతున్నారో.

ఎవరికి వారే ఒక బ్రాండ్ అనే మాటను టామ్ పీటర్స్ 1997లో ఫాస్ట్ కంపెనీ పత్రికలో రాసి ప్రచారంలోకి తెచ్చాడు. లింక్డ్‌ఇన్ జనంలోకి వచ్చింది 2003లో. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు సీఈవో కుర్చీలో ఉన్నది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. కాబట్టి ఈ డబ్బాలో మనకూ కొంత వాటా ఉంది.

అక్కడ పోస్టులో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. అందుకే అందరూ ‘ఆ రోజు నా జీవితం మారిపోయింది’ అని మొదలుపెట్టి, లైనుకో వాక్యం రాసి, మధ్యలో ఖాళీలు వదులుతారు. పోస్టు పెట్టగానే లైకులు పడితే ఎక్కువమందికి చేరుతుందని నమ్మి, ఒకరివి ఒకరు లైక్ చేసుకోవడానికే వాట్సాప్ గ్రూపులు నడుపుతున్నారు. ఇక రికమెండేషన్ల సంగతి మరీ ముచ్చట. మన గురించి ఇంకొకరు చెప్పాల్సిన చోటు అది. మేనేజర్‌ను అడిగితే ‘నువ్వే రాసి పంపవోయ్, పెట్టేస్తా’ అంటాడు. ఆ కిటుకు కృష్ణుడికి కూడా తట్టలేదు.

ఇంత గోలలోనూ నిజం చెప్పడానికి మాత్రం మొహమాటమే. ఉద్యోగం వెతుకుతున్నామని ఫోటో చుట్టూ పచ్చ చట్రం పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే బంధువులకు తెలుస్తుందని భయం. రిక్రూటర్లకు మాత్రమే కనిపించే ఏర్పాటూ ఉంది కానీ, సొంత కంపెనీ కంట అస్సలు పడదని లింక్డ్‌ఇన్ వాళ్లే పూర్తి హామీ ఇవ్వరు.

ఈ మధ్య మా మేనకోడలు ప్రొఫైల్ చూడమంది. మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్లో పని. హెడ్‌లైన్‌కు 220 అక్షరాలిస్తే ‘డైనమిక్ ప్రొఫెషనల్, టీమ్ ప్లేయర్’ అని పెట్టింది.

‘రోజూ ఏం చేస్తావే?’

‘ఏముంది మామయ్యా, హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద శాంపిల్స్ రన్ చేస్తా. రిజల్ట్ స్పెసిఫికేషన్ దాటితే ఎందుకు దాటిందో వెతుకుతా.’

‘అదే రాయి.’

‘అదేం గొప్ప? మా ల్యాబ్‌లో అందరూ చేసేదే.’

చిక్కంతా ఇక్కడే. గొప్పలు చెప్పుకోకూడదని పెంచిన పిల్ల, చెయ్యని గొప్పలు రాసింది, చేసిన పని దాచింది. నేను ఇంతటివాణ్ణి అనడం పొగడ్త. ఫలానా తేడా వచ్చింది, ఇలా పట్టుకున్నాను అనడం పొగడ్త కాదు, కబురు. ఒక రిజల్ట్ తప్పితే దాన్ని పక్కన పడేసి మళ్లీ రన్ చేసి మంచిది చూపించడానికి వీల్లేదు. తప్పు ల్యాబ్‌లో జరిగిందా, మందులోనే ఉందా తేల్చి, కాగితం మీద పెట్టాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసేది ఆ కాగితాలే. ఈ పిల్ల పట్టుకున్న తేడా ఒకటి, ఆ మిషన్‌లోకి పంపే ద్రావణం, మొబైల్ ఫేజ్, కలిపేటప్పుడు పీహెచ్ కాస్త అటూఇటూ కావడం. మందు పేరూ బ్యాచ్ నంబరూ తీసేసి, అంతవరకే ఒక పోస్టుగా రాయించాను.

లైకులు పెద్దగా రాలేదు. కానీ వేరే కంపెనీల ల్యాబుల వాళ్లు కింద చేరి, కాలమ్ పాతబడిందేమో చూశావా, పీహెచ్ మీటర్ ఎప్పుడు కాలిబ్రేట్ చేశారని ఒకటే వాదన. ఆ ఊపులో హెడ్‌లైన్ కూడా మార్చింది. మర్నాడే మేనేజర్ క్యాబిన్‌కు పిలిచి, ఏమ్మా, ఎక్కడికైనా మారుతున్నావా అని అడిగాట్ట.