కంపైలర్ రాసిన మెథడ్

‘అన్నా, ఒక ఇన్‌వాయిస్‌కి రెండు మెయిళ్లు పోతా ఉండాయన్నా’ అన్నాడు మా టీమ్‌లోని కుప్పం కుర్రాడు. జావా 7 నుంచి 8కి మార్చిన పాత ప్రాజెక్టు అది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరుకొచ్చి జావాతో బతుకుతున్న మాలాంటివాళ్లం జెనరిక్స్ చదువుకునే వచ్చాం. కంపైల్ అయ్యాక వాటి గతేమిటో మాత్రం తరగతిలో చూడలేదు. మదనపల్లె మార్కెట్‌లో వేలం ముగిసేదాకా క్రేటు ఏ రైతుదో తెలుస్తుంది, లారీకెక్కాక అన్నీ టమాటాలే. కంపైలర్ కూడా టైపుల్ని సరిచూసుకుని, నడిచే బైట్‌కోడ్‌లో సాధారణంగా ‘ఆబ్జెక్ట్’ అని రాసేస్తుంది. జెనరిక్ ఇంటర్‌ఫేస్‌ని అమలుచేసే క్లాసులోనైతే, ఇన్‌వాయిస్ తీసుకునే మన మెథడ్ పక్కనే, ఆబ్జెక్ట్ తీసుకునే ఇంకో మెథడ్‌ని తానే పుట్టిస్తుంది. అదే బ్రిడ్జ్ మెథడ్.

లాగింగ్, ట్రాన్సాక్షన్ లాంటి పనుల్ని ఒక్కచోటే రాసి, ‘ఈ అనొటేషన్ ఉన్న ప్రతి మెథడ్‌కీ వర్తించు’ అనడం ఆస్పెక్ట్ పద్ధతి. దీన్ని జెరాక్స్ పార్క్‌లో గ్రెగర్ కిజాలెస్ బృందం 1997లో ప్రతిపాదించింది. ఆ పద్ధతిని జావాలో అమలుచేసే సాధనం ఆస్పెక్ట్‌జే. జెనరిక్స్, అనొటేషన్లు రెండింటినీ అందుకున్న ఆస్పెక్ట్‌జే 5, 2005 డిసెంబరులో వచ్చింది. బ్రిడ్జ్ మెథడ్ అమలును అది జాయిన్ పాయింట్‌గా, అంటే ఆస్పెక్ట్ తగిలించే చోటుగా, లెక్కించదు. మా ప్రాజెక్టులో మెయిల్ పంపడం లాంటి పనుల కోసం అనొటేషన్లు వెతికే కోడ్ సొంతంగా రాసుకున్నది, దానికి ఆ జాగ్రత్త లేదు.

కుర్రాడు లక్ష లైన్ల ప్రాజెక్టును పక్కనపెట్టి ఒక ఇంటర్‌ఫేస్, ఒక క్లాస్ మిగిలేదాకా కోసుకుంటూ వచ్చాడు. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా నచ్చే పని ఇదే. జావాప్‌తో క్లాస్ ఫైల్ విప్పితే ఒకే పేరుతో రెండు మెథడ్లు. రెండోదాని ఒంట్లో ఉన్నది టైపు మార్చడం, అసలు మెథడ్‌ని పిలవడం, అంతే. ఫ్లాగుల్లో ‘ఏసీసీ బ్రిడ్జ్’, ‘ఏసీసీ సింథటిక్’. దాని కిందే మా అనొటేషన్ కూడా! అంతకుముందు జావా కంపైలర్ జావాసీ దాన్ని బ్రిడ్జ్ మీదికి తీసుకెళ్లేది కాదు. 6695379 నంబరు బగ్‌గా నమోదైన ఆ లోటును 2014లో జావా 8 సరిదిద్దింది. దాంతో మా కోడ్‌కి అనొటేషన్ ఉన్న మెథడ్లు రెండు దొరికి, రెండు మెయిళ్లు పోయాయి.

సరిదిద్దడం న్యాయమే అంటాను. అనొటేషన్ బ్రిడ్జ్ మీద కనిపించక, అసలు మెథడ్‌ని పట్టుకోవడానికి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వాళ్లు ‘బ్రిడ్జ్‌మెథడ్‌రిజాల్వర్’ అని ప్రత్యేకంగా ఒక క్లాసే రాసుకోవాల్సి వచ్చింది.

బ్రిడ్జ్ అయితే వదిలెయ్యమని కుర్రాడు ఒక లైను చేర్చాడు. కోసి మిగిల్చిన ఆ చిన్న ప్రోగ్రామ్‌ని పారేయకుండా టెస్టుల్లో పెట్టమన్నాను. రేపెవరైనా ఆ లైను తీసేస్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది.