మేస్త్రి వదిలే సందు

రాత్రంతా నిలబడిన లారీని పొద్దున్నే స్టార్ట్ చేస్తే గుప్పున నీలిపొగ వచ్చి, కాసేపటికి అదే సర్దుకుందనుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రి పిస్టన్ రింగుల మాట ఎత్తడు. రింగులు అరిగిన బండి లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొగ కక్కుతుంది. పొద్దుటి పూట మాత్రమే కక్కే బండి జబ్బు సాధారణంగా హెడ్డులో ఉంటుంది. రాకర్ల దగ్గర మిగిలిన ఆయిలు గట్టిపడిన వాల్వు సీలును దాటి, వాల్వు కాడ వెంట బొట్టుబొట్టుగా జారి, రాత్రికి రాత్రి కింద చేరుతుంది. ఇంజను తిరగ్గానే కాలి పొగవుతుంది.

ఆ సీలు బొటనవేలి గోరు మీద నిలబడేంత వస్తువు. ఖరీదూ అంతంతే. దాన్ని కూర్చోబెట్టే పని మాత్రం చూసి తీరాలి. చూడ్డానికి టాటా లారీల్లో బాగా తిరిగిన ఆరు సిలిండర్ల, 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనును తీసుకుందాం. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకటే హెడ్డు, 12 వాల్వులు. వాల్వు కాడ మందం 8 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ.

సీలు ఆయిలును పూర్తిగా ఆపాలని చాలామంది అనుకుంటారు. పూర్తిగా ఆపితే వాల్వు పట్టేస్తుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1,000 సార్లు గైడులో కిందికీ పైకీ ఆడుతుంది. ఆ ఆటకు కాడ మీద పల్చని ఆయిలు పొర ఉండి తీరాలి. ఆ పొర మేరకు దారి వదిలి మిగతాది తుడిచెయ్యడమే సీలు పెదవి పని. హెడ్డు పనిలో నాకు అబ్బురమనిపించేది ఇక్కడే. బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు, ఎంత వదలాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది.

అందుకే మంచి మేస్త్రి సీళ్ల ప్యాకెట్టు ముందుగా విప్పడు. వాల్వును సీటు మీంచి కాస్త లేపి, పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. డయల్ గేజి పెట్టి ఆ ఊపు కొలుస్తాడు. గైడు అరిగి కాడ ఊగుతుంటే ఎంత మంచి సీలైనా ఆ ఊపుకు ఒకవైపే నలిగి త్వరగా పోతుంది. ఈ ఇంజనులో గైడు విడి భాగం కాదు, హెడ్డు పోత ఇనుములోనే తొలిచిన రంధ్రం. అరిగితే రీమరు వేసి పల్చని స్లీవు దించాలి. అది లేత్ షాపు పని, ఖర్చూ ఆలస్యమూ. ఓనరు ముఖం చిట్లించినా ఆ పని చేయించాకే సీళ్లు తెమ్మనే మేస్త్రిని నమ్మొచ్చు.

గైడు కుదిరాక సీట్లు. ఈ హెడ్డులో ఇన్‌లెట్ సీటు వాలు 30 డిగ్రీలు, ఎగ్జాస్ట్ సీటు వాలు 45. పేస్టు రాసి లాపింగ్ చేస్తే బూడిద రంగు వలయం అంతటా ఒకే వెడల్పున తేలాలి. ఆ పేస్టు రవ్వ ఒక్కటి గైడులో మిగిలినా చేసిన పనంతా అరగదీస్తుంది గనక, కడగడం దగ్గర మేస్త్రి హెల్పరు కుర్రాణ్ణి ఎంత తిట్టినా న్యాయమే.

ఇక సీలు. కాడ పైకొసన లాకులు కూర్చునే గాడులుంటాయి. వాటి అంచులు పదునుగా ఉంటాయి. సీలును నేరుగా దించితే పెదవి అక్కడే గీసుకుంటుంది, ఆ గీత కంటికి కనిపించదు. గాజులమ్మే ఆవిడ మన చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి గాజులు జార్చినట్టు, కాడ కొసకు పల్చని తొడుగు వేసి, ఆయిలు రాసి సీలును దాని మీదుగా జారుస్తారు. ఆ తర్వాత గైడు మీదికి సరిగ్గా సరిపడే గొట్టంతో తిన్నగా నొక్కుతారు. సుత్తి దెబ్బ వేస్తే సీలు ఓరగా కూర్చుంటుంది. స్ప్రింగు కింద వాషరున్న హెడ్లలో అది ముందే పడాలి. మరిచిపోయి సీలు వేశారో, దాన్ని పీకి పారెయ్యాల్సిందే. పీకిన సీలును మళ్లీ వాడే మేస్త్రి దగ్గర బండి పెట్టకండి.

రబ్బరు విషయంలోనూ పట్టుదల ఉండాలి. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 120 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. వైటాన్ 200 దాకా నిలుస్తుంది. కొత్తలో రెండూ ఒకేలా వంగుతాయి, తేడా బయటపడేది ఇంజను వేడెక్కాకే.

చాలామంది వదిలేసే కొలత ఇంకొకటుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు మీది రిటైనరు కూడా అంతే దూరం కిందికి దిగుతుంది. దాని అడుగు సీలు నెత్తిని తాకకూడదు. మధ్యన మిల్లీమీటరున్నర అయినా మిగలాలంటారు. కంపెనీ నుంచి వచ్చిన హెడ్డులో ఆ సందు ఉండనే ఉంటుంది. కానీ గైడు స్లీవు కాస్త పైకి మిగిలినా, వేరే ఎత్తు సీలు వేసినా సందు మూసుకుపోతుంది. అప్పుడు ప్రతి తెరుపుకూ రిటైనరు సీలును బాదుతుంది, కొద్ది రోజుల్లోనే నీలిపొగ మళ్లీ ప్రత్యక్షం. అందుకే అసలు స్ప్రింగు బదులు మెత్తని స్ప్రింగు పెట్టి, వాల్వును చేత్తో పూర్తి లిఫ్టు దాకా నొక్కి ఆ సందు చూసుకుంటారు. అసలు స్ప్రింగులు, లాకులు పడ్డాక హెడ్డు పోర్టుల్లో కిరోసిన్ పోసి సీట్లు చెమరుస్తాయేమో చూస్తారు.

చివరిది ట్యాపెట్ గ్యాప్. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.51. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ కాగి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి రెట్టింపు చోటు. ఒకటో సిలిండరును కంప్రెషన్ టాప్‌కు తెస్తే 1, 2, 4 ఇన్‌లెట్లు, 1, 3, 5 ఎగ్జాస్ట్‌లు సెట్ చెయ్యొచ్చు. ఒక చుట్టు తిప్పితే మిగతా ఆరు.

ఇక్కడ డ్రైవర్లతో ఒక తగాదా ఉంటుంది. “ట్యాపెట్లు టకటకమంటున్నాయి మేస్త్రిగారూ, కాస్త టైటు చెయ్యండి” అంటారు. మంచి మేస్త్రి చెయ్యడు. సీట్లు అరిగే కొద్దీ వాల్వు హెడ్డులోకి ఎక్కుతుంది, గ్యాప్ తనంతట తానే తగ్గుతుంది. అది సున్నాకు చేరితే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందున దూరి అంచును కాల్చేస్తుంది. అలా కాలడానికి ముందు ఇంజను చప్పుడు బాగా తగ్గుతుంది, డ్రైవరు సంతోషిస్తాడు కూడా.

ఫీలర్ గేజి రేకు సందులో వదులుగా జారకూడదు, ఇరుక్కోకూడదు, వేళ్లకు కాస్త పట్టు తగులుతూ రావాలి. రాకరు మొన అరిగి గుంట పడితే రేకు ఆ గుంట మీద వంతెన వేస్తుంది, అసలు సందు రేకు చెప్పినదానికన్నా ఎక్కువుంటుంది. ఆ గుంట వేలి కొసకే తెలుస్తుంది. ఇంకో చిక్కు లాక్‌నట్టుది. దాన్ని బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త కదిలి గ్యాప్ మారిపోతుంది. తెలిసినవాడు ఆ కదలికను ముందే లెక్కేసుకుని స్క్రూను కాస్త వెనక్కి ఉంచి నట్టు బిగిస్తాడు. పన్నెండూ అయ్యాక ఇంజనును చేత్తో తిప్పి మొదటి నుంచి మళ్లీ కొలుస్తాడు. తేడా వచ్చిన చోట నట్టు వదులు చేసి ఆ వాల్వును మళ్లీ సెట్ చేస్తాడు. కవర్లు బిగించేది ఆ తర్వాతే. ఈ ఇంజనుకు సిలిండరుకొకటి చొప్పున అవీ ఆరు.