గెడ చెప్పే లోతు, సోనార్ చూపే లోతు

రేపల్లె దాటి నిజాంపట్నం దారి పట్టగానే వరిపొలాలు తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఆపైన మడ అడవులు, వాటి మధ్య ఉప్పుకాలవలు. హార్బరు బోట్లు ఆ కాలవల మీదుగానే సముద్రానికి పోతాయి. బాపట్ల వైపు సూర్యలంకలోనూ, చీరాల దగ్గరి వాడరేవులోనూ పద్ధతి వేరు. అక్కడ ఇసుక ఒడ్డు నుంచే పడవను అలల్లోకి తోయాలి. ఈ తీరంలో చిన్న ఫైబర్ బోటు నడిపే కుర్రవాడు నాలుగు డబ్బులు కూడబెట్టి మొదటి ఫిష్ ఫైండర్ కొందామనుకుంటే, దుకాణానికి వెళ్లే ముందు కూర్చోవాల్సింది ఊళ్లోని పెద్ద సరంగు పక్కన. యంత్రం చూపించేదాన్ని చదవడానికి కావలసిన అక్షరాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

గెడ, గుండు, బార

కాలవల్లోనూ ఒడ్డు దగ్గరి పలచని నీళ్లలోనూ పడవను నెట్టే వెదురుగెడే తొలి లోతుమాపకం. గెడ ఎంత మునిగిందో చూస్తే లోతు తెలుస్తుంది. అడుగు ఎలాంటిదో చేతికి తెలుస్తుంది. బురదైతే గెడ మెత్తగా దిగిపోయి, పైకి లాగేటప్పుడు పట్టి ఉంచుతుంది. ఇసుకైతే గరగరమని అక్కడే ఆగుతుంది. గుల్లలున్న చోట టకటకమంటుంది. గెడ అందని నీళ్లలో తాడుకు బరువైన గుండు కట్టి వదలడం, దాన్ని చేతులు చాపి బారలతో కొలుచుకుంటూ పైకి తీయడం పాత పద్ధతి. బరువుకు అంటుకుని వచ్చిన మట్టిని వేళ్ల మధ్య నలిపితే అడుగున ఏముందో తెలిసిపోతుంది.

బార అంటే దాదాపు ఆరడుగులు. ఇంగ్లీషు నావికుల ఫాథమ్ కూడా ఆరడుగులే. మార్కెట్లో దొరికే ఫిష్ ఫైండర్లు చాలావాటిలో లోతును మీటర్లలో, అడుగుల్లో, ఫాథమ్‌లలో చూసుకునే వీలుంటుంది. కొన్న రోజే దాన్ని ఫాథమ్‌లకు మార్చుకుంటే తెర మీద అంకె, సరంగు తాత నోట్లోని బార ఒక్కటవుతాయి. ఎనిమిది బారల నీళ్లు అంటే సుమారు 15 మీటర్లు.

చప్పుడు తిరిగొచ్చే లెక్క

ఫిష్ ఫైండర్‌లోని సోనార్ చేసే పని తాడు గుండు చేసే పనే. తాడుకు బదులు చప్పుడు దిగుతుంది. పడవ అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్ మన చెవికి వినపడని శబ్దాన్ని కిందికి పంపుతుంది. అది నేలకో చేపకో తగిలి తిరిగొస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు 1500 మీటర్లకు కొంచెం అటూ ఇటూగా పోతుంది. 15 మీటర్లు దిగి పైకి రావడానికి సెకనులో 50వ వంతు చాలు. ఆ సమయాన్ని బట్టి యంత్రం లోతు లెక్క కడుతుంది.

టైటానిక్ మునిగిన రెండేళ్లకు, 1914లో, రెజినాల్డ్ ఫెసెండెన్ అనే ఇంజనీరు శబ్దపు ప్రతిధ్వనితో మంచుకొండను పసిగట్టి చూపించాడు. ప్రపంచ యుద్ధాల కాలంలో జలాంతర్గాముల వేటకు పదునెక్కిన ఈ విద్యను చేపల వేటకు అమ్మకపు సరుకుగా తెచ్చింది జపాన్‌లోని నాగసాకిలో ఫురునో సోదరులు. అది 1948.

చేప ఒంట్లో సోనార్‌కు బాగా కనిపించేది మాంసం కాదు, పొట్టలోని గాలితిత్తి. నీటికీ గాలికీ తేడా ఎక్కువ కాబట్టి శబ్దం అక్కడ గట్టిగా కొట్టుకుని వెనక్కొస్తుంది. మన తీరంలో కచిడి చేప ఒక్కటి పడితే లక్షలు పలికేది కూడా ఆ తిత్తి కోసమే. గాలితిత్తి లేని సొర, టేకు చేపలు తెర మీద బాగా మసకగా ఉంటాయి. అడుగున పాకే రొయ్యలు, పీతలు నేల గీతలో కలిసిపోతాయి. రొయ్యల కోసమే వల వేసేవాడికి ఈ యంత్రం రొయ్యను చూపించదు, రొయ్య ఉండే బురదను చూపిస్తుంది. ఈ తేడా తెలియక కొన్నవాళ్లే యంత్రం పనిచేయలేదని మూల పడేస్తారు.

మంచు మీద, అలల మీద

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం సరస్సులు గడ్డకట్టాక, మంచుకు రంధ్రం తొలిచి గాలం వేస్తారు. అక్కడ వాడే ఫ్లాషర్ అనే సోనార్‌కు గడియారంలాంటి గుండ్రటి ముఖం ఉంటుంది. మనిషి కదలడు, రంధ్రం కదలదు. గాలం ఎరా, దాని వైపు వచ్చే చేపా ఆ క్షణానికి ఎక్కడున్నాయో రంగు గీతల్లో కనిపిస్తే చాలు. గడిచిన నిమిషంతో వాళ్లకు పనిలేదు.

మన బోటు కదులుతూ పోతుంది. దాటి వచ్చిన నేల కూడా కనిపించాలి. అందుకని మనకు కావలసింది బొమ్మ పక్కకు జరుగుతూ పోయే మామూలు తెర. ఆ తెర మీద చేప విల్లులా వంగి కనబడటానికి కారణం తేలికైనదే. పడవ దగ్గరికొచ్చేకొద్దీ చేపకు దూరం తగ్గుతుంది, నెత్తి మీదికి రాగానే అన్నిటికన్నా తక్కువవుతుంది, దాటాక పెరుగుతుంది. అదే వంపు. పడవ నిలిచి ఉండగా కింద చేప కూడా నిలిస్తే వంపు రాదు, సాగిన గీత వస్తుంది. కవళ్లు, నెత్తళ్లు లాంటి మంద చేపలు విడివిడి వంపులుగా కాక మేఘంలా ముద్దగా కనిపిస్తాయి.

ఏది కొనాలి

నిజాంపట్నం అఖాతం లోతు తక్కువ, అడుగు బురద. చిన్న బోట్లు వేటాడే ఈ నీళ్లకు వందల మీటర్లు దిగే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చూడాల్సింది శబ్దపు పౌనఃపున్యం. 200 కిలోహెర్ట్జ్ శబ్దం సన్నగా, స్పష్టంగా దిగుతుంది. దాని కిరణం 20 డిగ్రీలనుకుంటే 15 మీటర్ల లోతులో ఐదు మీటర్ల వెడల్పు నేలను చూస్తుంది. 50 కిలోహెర్ట్జ్ లోతుకు బాగా పోతుంది. 45 డిగ్రీల కిరణమైతే అదే లోతులో 12 మీటర్లకు పైగా పరుచుకుంటుంది కానీ, నేలను అంటిపెట్టుకున్న చేపను నేలలో కలిపేస్తుంది. మన తీరంలో మొదటి యంత్రానికి 200 ముఖ్యం. రెండూ ఉంటే మంచిదే. చర్ప్ పద్ధతి ఉన్న యంత్రం ఒకే అంకె దగ్గర ఆగకుండా ఒక పరిధిలో శబ్దాన్ని పంపుతుంది కాబట్టి, దగ్గర దగ్గరగా ఉన్న చేపలను విడదీసి చూపగలదు. ధర అందుబాటులో ఉంటే అదే తీసుకోవాలి.

తెర పెద్దదా చిన్నదా అన్నది తర్వాత. మిట్టమధ్యాహ్నం ఎండలో కనబడుతుందా అన్నది ముందు. కొనే చోట యంత్రాన్ని బయటికి తెప్పించి ఎండలో పెట్టి చూడాలి. ఉప్పునీటికి తట్టుకునే కనెక్టర్లు, 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయే వాడకం, జీపీఎస్‌లో చోట్లు గుర్తు పెట్టుకునే సదుపాయం ఉండాలి. జీపీఎస్ లేని సోనార్ మంచి నేలను చూపించి, మర్నాడు అక్కడికి దారి చెప్పలేదు.

బిగించడంలోనే సగం పని

ఎంత మంచి యంత్రమైనా ట్రాన్స్‌డ్యూసర్ కింద గాలిబుడగలుంటే గుడ్డిదే. ఇంజను ఫ్యాను చిమ్మే నురగకు దూరంగా, బోటు పరిగెత్తేటప్పుడు కూడా నీళ్లలోనే ఉండే చోట బిగించాలి. గాలి చొరని గట్టి ఫైబర్ అడుగైతే లోపలి నుంచే శబ్దం పంపవచ్చు. చెక్కలోంచి, మధ్యలో ఫోము ఉన్న ఫైబర్‌లోంచి శబ్దం సరిగా పోదు, అక్కడ ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లకు తగలాల్సిందే. ఒడ్డు మీది నుంచి దించే బోట్లకు అడుగున పొడుచుకొచ్చేది ఏదైనా ఇసుకలో విరుగుతుంది. వాళ్లు లోపలి బిగింపైనా చూసుకోవాలి, ఎత్తి దించుకునే కడ్డీకైనా కట్టుకోవాలి. లోపల జిగురు పెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. పాలిథీన్ సంచిలో నీళ్లు పోసి అడుగున ఉంచి, ట్రాన్స్‌డ్యూసర్‌ను ఆ సంచిలో ముంచి చూడాలి. లోతు నిలకడగా కనబడిన చోటే జిగురు పెట్టాలి.

తెలిసిన నీళ్లలో తొలి పాఠం

కొత్త యంత్రాన్ని కొత్త చోట ప్రయత్నించకూడదు. పెనుమూడి దగ్గర కృష్ణలోనో, రోజూ పోయే ఉప్పుకాలవలోనో మొదలుపెట్టి, చేతిలో గెడ కూడా ఉంచుకోవాలి.

"తాతా, ఇక్కడ గీత సన్నగా, మసకగా ఉంది."

"బురదరా అది. ఇంకాస్త ముందుకు పోనీ, ఇసుక తగులుద్ది."

ఇసుక రాగానే గీత మందంగా, కాంతిగా మారుతుంది. గట్టి నేలైతే దానికి రెట్టింపు లోతులో రెండో గీత కూడా కనబడుతుంది. ప్రతిధ్వని పడవకు కొట్టుకుని మళ్లీ దిగి వచ్చిన ఫలితమది. తెర మీద చేపబొమ్మలు వేసే సదుపాయాన్ని ఆపేయడం మంచిది. బుడగకూ, జెల్లీచేపకూ, తేలే చెత్తకూ కూడా అది చేపబొమ్మే వేస్తుంది.

సోనార్ చూసేది పడవ కింది నీళ్లనే. ఎటు పోవాలో చెప్పే పని వేరేవాళ్లది. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ, ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడిమి, పచ్చదనం ఆధారంగా చేపలు ఉండగల ప్రాంతాలను తెలుగులోనూ తెలియజేస్తుంది. ఆ సమాచారం దిక్కు చూపిస్తుంది. పక్షులు వాలే చోటు, నీటి రంగు, పోటు వేళ చూసి సరంగు చోటు తేలుస్తాడు. అక్కడి అడుగు ఎలా ఉందో సోనార్ చెబుతుంది. మూడూ కలిస్తేనే డీజిలు ఆదా.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మోటారు బోట్లకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమది, దాన్ని పాటిస్తేనే రేపు తెర మీద కనబడటానికి చేప మిగులుతుంది. వేటకు పోయే బోట్ల కుర్రవాళ్లకు ఒక విన్నపం. ఆ రెండు నెలల్లో ఒక నోటుపుస్తకం పట్టుకుని ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. ఏ చోట ఎన్ని బారలు, అడుగు బురదా ఇసుకా, ఏ నెలలో ఏ చేప అన్నది రాసుకోండి. వేట తెరిచాక ఒక్కో చోటికి పోయి జీపీఎస్‌లో గుర్తు పెట్టండి. మొదటి సోనార్ చిన్నదైనా సరిపోతుంది. ఈ పుస్తకం లేకపోతే పెద్దదీ చాలదు.