పాత కారు తాగే నీళ్లు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు తప్పక ఆగుతారు. నూరేళ్లు దాటిన ఆ సిల్వర్ ఘోస్ట్ రంగునూ మెరుపునూ చూసి మురిసిపోతారు. పాత కార్లను పోషించేవాళ్ల దిగులు మాత్రం కంటికి కనిపించని చోట ఉంటుంది. అది ఇంజను చుట్టూ తిరిగే నీళ్ల గురించి.

బాడీకి తుప్పు పడితే రంగు పొంగి ముందే తెలిసిపోతుంది. లోపలి తుప్పు అలా చెప్పి రాదు. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటే అది ఎక్కడినుంచో వచ్చిన మట్టి కాదు, ఇంజను బ్లాకే కొద్దికొద్దిగా కరిగి వస్తోందని అర్థం.

ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తేనే తుప్పు. ఒకసారి నింపి మూసిన నీళ్లలో ఆక్సిజన్ త్వరలోనే ఖర్చయిపోతుంది, ఆపైన తుప్పు నెమ్మదిస్తుంది. రోజూ చెంబుడు నీళ్లు పోయించుకునే బండికే జబ్బు ముదిరేది అందుకే. వదులైన హోస్ క్లిప్పు, అరిగిన వాటర్ పంపు సీలు, పట్టు తప్పిన మూత నీటిని బయటికి వదలడంతో ఆగవు, గాలిని లోపలికి రానిస్తాయి. కాబట్టి తుప్పు నివారణలో మొదటి పని మందు పోయడం కాదు, కారడం ఆపడం.

రెండో శత్రువు లోహాల మధ్య పొత్తు కుదరకపోవడం. 1800లో ఓల్టా రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెట్టి కరెంటు పుట్టించాడు. పాత కారులో జరిగేదీ అదే. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనులో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మినిలో బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం, రేడియేటర్ రాగి, ఇత్తడి. ఉప్పులున్న నీరు వీటిని కలిపితే ముందు బలయ్యేది అల్యూమినియం. గాస్కెట్ ఆనే చోట నీటి రంధ్రాల అంచులు తినుకుపోయి, చివరికి నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి.

దీనికి విరుగుడును 1824లో హంఫ్రీ డేవీ చూపించాడు. బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగు పాడవకుండా దానికి జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగికి బదులు అవి కరిగాయి. రేడియేటర్లో జింకు ముక్క వేలాడదీసే అలవాటు ఆ సూత్రం మీదే నిలిచింది. అయితే దాని రక్షణ దగ్గరి భాగాలకే అందుతుంది, అరిగిపోగానే మార్చాలి. కూలెంట్ పనిని అది చేయలేదు.

మూడోది బోరు నీళ్లు. నీళ్లు కాచే హీటరు రాడ్డు మీద పేరుకునే తెల్లని పొరను చూడని ఇల్లు మన దగ్గర అరుదు. ఇంజనులో ఆ పొర బాగా వేడెక్కే చోటే కట్టి, వేడిని బయటికి పోనివ్వదు. డిస్టిల్డ్ వాటర్ పోస్తే పొర కట్టదు కానీ తుప్పు ఆగదు. దానికి తుప్పును అడ్డుకునే రసాయనాలు తోడవ్వాలి, అవి కూలెంట్‌లో ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మన ఊళ్లో మంచు పడదు, కూలెంట్ దేనికని అడుగుతారు. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ పనుల్లో ఒకటి మాత్రమే. అందులోని సిలికేట్లు, ఫాస్ఫేట్లు, ట్రైయజోల్ వంటివి లోహం మీద సన్నని రక్షణ పొర అల్లుతాయి. ఇత్తడి రేడియేటర్‌లో సీసం కలిసిన టంకం ఉంటుంది కాబట్టి పాత కార్లకు ఈ పాత తరహా కూలెంటే నమ్మకమైనది. కొత్త కార్ల కోసం వచ్చిన, ఐదేళ్లు పనిచేసే ఆర్గానిక్ యాసిడ్ రకాలు ఆ టంకానికి పడకపోవచ్చు. రంగు చూసి కొనకండి, డబ్బా మీద రాసింది చదవండి. డిస్టిల్డ్ వాటర్‌తో మూడో వంతు నుంచి సగం దాకా కలిపితే చాలు. రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి, ఎందుకంటే అడ్డుకునే రసాయనాలు ఖర్చయిపోతాయి, కూలెంట్‌లోని గ్లైకాల్ నెమ్మదిగా ఆమ్లంగా మారుతుంది. తియ్యగా ఉండే ఈ ద్రవం విషం. పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

కొత్త కూలెంట్ పోసేముందు పాత మురికి పోవాలి. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన చేతులకు ఈ విద్య కొత్తది కాదు, ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. ఇనుప హెడ్డున్న బండిలో పలుచటి నిమ్మ ఉప్పు ద్రావణం అదే పని చేస్తుంది. తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో చాలాసార్లు కడగాలి. జిడ్డు వదిలించే చాకలి సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, పద్మిని దరిదాపులకు తేవద్దు. రేడియేటర్‌ను కింది నుంచి పైకి, నీరు మామూలుగా నడిచే దారికి ఎదురు కడిగితే ఇరుక్కున్న మడ్డి కదులుతుంది. బ్లాకు డ్రెయిన్ ట్యాపు తిప్పినా చుక్క రాకపోతే తీగతో పొడవాలి, అడుగున తుప్పు గడ్డకట్టి ఉంటుంది.

అప్పటికీ లొంగకపోతే పాత రేడియేటర్ షాపుకు వెళ్లాలి. అక్కడి పనివాడు పై ట్యాంకు టంకం కరిగించి ఊడదీసి, ఒక్కో గొట్టంలో సన్నని బద్దను దూర్చి శుభ్రం చేసి, మళ్లీ టంకం పెడతాడు. ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్లు పాడైతే పారేయడమే కాబట్టి ఈ పని అడిగేవాళ్లు తగ్గిపోయారు. అడిగేవాళ్లుంటేనే ఆ చేతివిద్య మిగులుతుంది.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. అంటే అది ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటుంది. కదలని నీళ్లలో మడ్డి దిగుతుంది, సగం ఖాళీ అయిన చోట తడిగాలికి ఇనుము తుప్పు పడుతుంది. నీళ్లు నిండుగా ఉంచండి, నెలకోసారైనా థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కేదాకా ఇంజను నడపండి.

ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఒక బ్లాకు తినుకుపోతే దాని స్థానంలోకి మరో పాత బండి బ్లాకు వెతుక్కోవాలి. కూలెంట్ మార్చిన తేదీ ఒక అట్టముక్క మీద రాసి బానెట్ కింద కట్టండి. రెండేళ్లు నిండితే ఇంకో రోజుకు వాయిదా వేయకండి.