అదను తెలిసిన చేతులు
ముప్కాల్‌లో టీలో కలిపే చక్కెరైనా, బోధన్ చెరకు రసమైనా కణాల్లోకి చేరాక విరిగి పైరువేట్ అవుతుంది. అక్కడి నుంచి అది ఎటు మళ్లుతుందో ఎమ్మారైలో చూపించే హైపర్‌పోలరైజ్డ్ పద్ధతి పనివాళ్లంటే నాకెంతో గౌరవం. కార్బన్‌-13 గుర్తు తగిలించిన పైరువిక్ ఆమ్లాన్ని మైనస్ 272 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, బలమైన అయస్కాంతంలో పెట్టి, గంటకు పైగా మైక్రోవేవ్‌లు తాకిస్తారు. దాంతో ఎమ్మారైకి అందే సంకేతం పదివేల రెట్లకు పైగా పెరుగుతుంది. అసలు నేర్పు ఆ తర్వాతే. కాగిన నీటితో క్షణాల్లో కరిగించాలి, ఆమ్లగుణం విరిచి వడగట్టాలి, పీహెచ్, వేడి సరిచూడాలి, వెంటనే రోగి నరంలోకి ఎక్కించాలి. ఎందుకంటే నిమిషం గడిస్తే ఆ సంకేతంలో మిగిలేది సుమారు మూడో వంతే. బెల్లం పాకాన్ని సరిగ్గా అదనులో దించే మనిషికుండే చురుకు ఇక్కడ ఫార్మసిస్టుకూ టెక్నీషియనుకూ కావాలి. అందరూ కలిసి ఒక్క ఊపిరిలో చేసే పని! ఇందులో రేడియోధార్మికత లేదు. ఇక దీని ఉపయోగం చూస్తే, క్యాన్సర్ కణం ఆక్సిజన్ అందుతున్నా పైరువేట్‌ను ఎక్కువగా లాక్టేట్‌గా మారుస్తుంది. ఆ మార్పును శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 31 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో చూసి 2013లో ప్రచురించింది. ఇంకా పరిశోధన దశే. అయినా గడ్డ చిన్నదవ్వక ముందే మందు పట్టిందో లేదో లాక్టేట్ తగ్గుదలను బట్టి తెలుసుకోవాలన్నది పరిశోధకుల ప్రయత్నం.